తెరుచుకుని మూగబోయిన జన్యువు

మనిషి కిడ్నీలు రెండూ కలిసి రోజుకి 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. ఆ ద్రవంలో కరిగివున్న ఉప్పు దాదాపు కిలోన్నర. మనం రోజూ తినే ఉప్పు పది గ్రాములకి కాస్త అటూ ఇటూ. అంటే ఆ పది గ్రాములను ఒంటేలులోకి వదిలేసి, మిగతా ఉప్పునంతా కిడ్నీ మళ్ళీ రక్తంలోకి చేర్చాలి. ఈ పని రోజూ జరగాలి, నిద్రలో కూడా జరగాలి. ఈ లెక్కలో నూటికి ఒక్క పాలు ఎక్కువగా వెనక్కి తీసుకున్నా పదిహేను గ్రాముల ఉప్పు ఒంట్లో నిలిచిపోతుంది. ఉప్పు వెంట నీరు నిలుస్తుంది, నీటి వెంట రక్తపోటు పెరుగుతుంది.

భారత వైద్య పరిశోధన మండలి ఇండియాబ్ సర్వే 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో 35.5 శాతం మందికి బీపీ ఉంది. కిలోన్నర లెక్క తెలిశాక నాకు అంతకంటే పెద్ద వింత అనిపించేది మిగతా 64.5 శాతం మందికి అది లేకపోవడమే. అంత సన్నని తూకాన్ని ఏళ్ళ తరబడి నిలబెడుతున్నది ఏమిటి? అది ఎక్కడ, ఎలా తప్పుతుంది? దీనికి జవాబు వెతికిన పరిశోధనల్లో, పనితనం కోసం మళ్ళీ మళ్ళీ తెరిచి చూడదగ్గది ఒకటుంది. టోక్యో విశ్వవిద్యాలయంలో తొషిరో ఫుజిత బృందం చేసిన పని అది. షెంగ్యు ము మొదటి రచయితగా 2011లో ‘నేచర్ మెడిసిన్’లో వచ్చింది. మొత్తం ఎనిమిది పేజీలు.

బీపీకీ ఎపిజెనెటిక్స్‌కీ ఉన్న సంబంధం మీద చాలా పరిశోధనలే వస్తున్నాయి. జన్యువులోని అక్షరాలు మారకుండానే, దాని మీద పడే రసాయన గుర్తుల వల్ల ఆ జన్యువు ఎక్కువగా పలకడమో, తక్కువగా పలకడమో, అసలే మూగబోవడమో జరుగుతుంది. ఆ గుర్తుల శాస్త్రమే ఎపిజెనెటిక్స్. బీపీ మీద వచ్చిన ఆ పరిశోధనల్లో చాలావరకు జాబితాలే. బీపీ ఉన్నవాళ్ళలో ఫలానా చోట గుర్తు ఎక్కువ, ఫలానా చోట తక్కువ అని చెప్పి ఊరుకుంటాయి. ఆ గుర్తు పడ్డాక ఏం జరిగింది, అది ఉప్పు దాకా ఎలా చేరింది అన్నది చదివేవాళ్ళ ఊహకి వదిలేస్తాయి. టోక్యో బృందం మాత్రం నాడి కొస దగ్గర మొదలుపెట్టి, కణం లోపలికి వెళ్ళి, జన్యువు మీది గుర్తును పట్టుకుని, అక్కడినుంచి బయటికొచ్చి ఉప్పు దాకా నడిచింది. మధ్యలో ఒక్క మెట్టు కూడా ఎగరేయలేదు.

ఈ ప్రశ్న ఫుజితకి 2011లో పుట్టింది కాదు. ఆయన యువకుడిగా అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో ఫ్రెడరిక్ బార్టర్ దగ్గర పనిచేశారు. ఉప్పు తింటే అందరికీ బీపీ ఒకేలా పెరుగుతుందా అని ఆ బృందం రోగులను ఆస్పత్రిలో ఉంచి, కొలిచిన ఉప్పు పెట్టి చూసింది. ఉప్పు ఎక్కువైతే మామూలుగా సింపథెటిక్ నాడులు నెమ్మదించాలి, ఆ నాడులు వదిలే నార్‌ఎపినెఫ్రిన్ రక్తంలో తగ్గాలి. ఉప్పుకి బీపీ పెరిగే తత్వమున్న రోగుల్లో అది తగ్గాల్సినట్టు తగ్గడంలేదని, వాళ్ళ ఒంట్లో ఉప్పు ఎక్కువగా నిలుస్తోందని 1980లో ఫుజిత, బార్టర్ ప్రచురించారు. నాడుల హుషారుకీ కిడ్నీలో ఉప్పు నిలవడానికీ మధ్య ఏముందన్నది అప్పట్లో ఎవరికీ తెలియదు. ఆ ఖాళీ పూడ్చడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. ఇప్పటి పరిశోధన నిధుల పద్ధతిలో ముప్పై ఏళ్ళపాటు ఒకే ప్రశ్నను పట్టుకుని ఉండే వీలు ఎంతమందికి దొరుకుతుందో!

జపాన్‌లో ఈ ప్రశ్న పుస్తకాలకే పరిమితమైనది కాదు. ఉత్తరాన అకిటా ప్రాంతంలో 1950లలో మనిషి సగటున రోజుకి 25 గ్రాములకి పైగా ఉప్పు తినేవాడు. చలికాలమంతా మిసో, ఊరబెట్టిన కూరలు, ఉప్పు చేపలే తిండి. పక్షవాతం మరణాలు ఆ ప్రాంతంలో విపరీతం. ఆ లెక్కలను ప్రపంచం ముందు పెట్టినవాళ్ళలో లూయిస్ డాల్ ఒకరు. ఆయనే న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో, ఉప్పుకి బీపీ పెరిగే ఎలుకలనూ పెరగని ఎలుకలనూ వేరుచేసి, రెండు వంశాలుగా పెంచి 1962లో ప్రకటించారు. ఆ ఎలుకల సంతతి లేకపోతే ఈ రంగమే లేదు.

ఇక కిడ్నీ లోపలికి వెళ్దాం. వడకట్టిన ఉప్పులో మూడింట రెండు వంతులు నాళిక అనే సన్నని గొట్టం మొదటి భాగంలోనే వెనక్కి వెళ్ళిపోతుంది. తర్వాతి మెలికలో పాతిక శాతం. అసలు సర్దుబాటు జరిగేది చివర్లో, కొద్ది మిల్లీమీటర్ల పొడవుండే మలి మెలికల నాళికలో. అక్కడి కణాల గోడలో ఎన్‌సీసీ అనే ప్రొటీన్ ఉంటుంది. సోడియాన్నీ క్లోరైడ్‌నూ జంటగా లోపలికి లాగడం దాని పని. బీపీకి వాడే థయాజైడ్ బిళ్లలు అడ్డుకునేది దీన్నే. విచిత్రమేమంటే ఆ మందులు 1950ల చివర్లోనే వాడుకలోకి వచ్చాయి గానీ, అవి పట్టుకునే ప్రొటీన్ ఏదో 1993 దాకా చేతికి చిక్కలేదు. బోస్టన్‌లో స్టీవెన్ హెబర్ట్ ప్రయోగశాలలో పనిచేస్తున్న మెక్సికో శాస్త్రవేత్త హెరార్డో గాంబా దాని జన్యువును మొదట వేరుచేసింది వింటర్ ఫ్లౌండర్ అనే చదునైన సముద్ర చేప మూత్రాశయం నుంచి. గాంబా పేరు గుర్తుంచుకోండి, కథలో ఆయన మళ్ళీ వస్తారు.

ఎన్‌సీసీ ఎంత హుషారుగా ఉండాలో చెప్పే ప్రొటీన్లలో ఒకటి వింక్-4. యేల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లిఫ్టన్ బృందం 2001లో దీన్ని వెలుగులోకి తెచ్చింది. గోర్డన్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బున్న కుటుంబాల్లో బీపీ, పొటాషియం రెండూ ఎక్కువ. ఆ కుటుంబాల్లో కొన్నింటికి వింక్-4 జన్యువులోనే అక్షరం తప్పుంది. కాస్త థయాజైడ్ ఇస్తే అన్నీ సర్దుకుంటాయి. అక్షరం తప్పినవాళ్ళ సంగతి అలా తేలింది. కానీ బీపీ ఉన్న కోట్లాదిమందిలో వింక్-4 అక్షరాలు సరిగ్గానే ఉంటాయి. మరి వాళ్ళలో? టోక్యో బృందం అడిగింది సరిగ్గా ఈ ప్రశ్నే: అక్షరం తప్పకుండానే ఆ జన్యువు గొంతు మారుతోందా?

ఇక్కడ ఒక చిన్న వస్తువును దగ్గరగా చూడాలి. కణంలో డీఎన్‌ఏ విడి పోగులా పడి ఉండదు. కండెకి నూలు చుట్టినట్టు హిస్టోన్ ప్రొటీన్ల మీద చుట్టుకుని ఉంటుంది. ఎనిమిది హిస్టోన్లు కలిసిన ముద్ద ఒకటి. దాని చుట్టూ 147 జతల అక్షరాల పొడవున్న డీఎన్‌ఏ, రెండు చుట్లకి కాస్త తక్కువ. ఆ హిస్టోన్లకి తోకలుంటాయి. తోకల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తరచుగా వస్తుంది. లైసిన్‌ది ధన విద్యుదావేశం, డీఎన్‌ఏది రుణం. అందుకే రెండూ అతుక్కుంటాయి. లైసిన్ మీద అసిటైల్ అనే చిన్న రసాయన ముక్క తగిలిస్తే ఆ ఆవేశం పోతుంది, పట్టు సడలుతుంది, ఆ చోట డీఎన్‌ఏ తెరుచుకుంటుంది. అసిటైల్‌ను తీసేసే ఎంజైములు వేరే ఉన్నాయి. వాటిలో ఒకటి హెచ్‌డ్యాక్-8. అది పనిచేసినంతసేపూ ఆ చోటు బిగిసి ఉంటుంది. అది ఆగితే వదులవుతుంది.

పాఠ్యపుస్తకాలన్నీ చెప్పే సూత్రం ఒక్కటే: అసిటైల్ పడితే జన్యువు పలుకుతుంది, తీసేస్తే ఊరుకుంటుంది. పరీక్షలో అలా రాస్తే మార్కులు పడతాయి.

టోక్యో ప్రయోగంలో మొదటి మెట్టు నాడి. కిడ్నీకి వెళ్ళే సింపథెటిక్ నాడులు రెచ్చితే కణాల మీది బీటా-2 గ్రాహకాలకి ఆ కబురు తగులుతుంది. గ్రాహకం మేలుకుంటే కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరుగుతుంది. ఇక్కడిదాకా వైద్య విద్యార్థులకి తెలిసిన దారే. రెండో మెట్టు దగ్గర కథ కొత్త మలుపు తిరిగింది. సైక్లిక్ ఏఎంపీ పెరిగినచోట హెచ్‌డ్యాక్-8 పని మందగించింది. దీనికి పునాది అప్పటికే పడివుంది. 2004లో అమెరికాలో ఎడ్వర్డ్ సెటో బృందం, సైక్లిక్ ఏఎంపీ వల్ల మేలుకునే పీకేఏ అనే ఎంజైము హెచ్‌డ్యాక్-8లో 39వ స్థానంలోని సెరీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుందని, దాంతో హెచ్‌డ్యాక్-8 చల్లబడుతుందని చూపించింది. కిడ్నీకి గానీ బీపీకి గానీ ఆ పనితో సంబంధం లేదు. ఎక్కడో, ఇంకెవరో, ఇంకెందుకో చేసిన పనిలోంచి తనకి కావలసిన ముక్కను ఏరుకోవడం కూడా పనితనమే.

మూడో మెట్టు. హెచ్‌డ్యాక్-8 ఆగింది కనుక వింక్-4 జన్యువు ముందుభాగంలో హిస్టోన్ల మీద అసిటైల్ పేరుకుంది. సూత్రం ప్రకారం వింక్-4 ఎక్కువగా పలకాలి. కానీ తగ్గింది.

ఇలాంటి చోట చాలామంది ఫలితాన్ని అనుమానిస్తారు, లేదా సొరుగులో పడేస్తారు. వీళ్ళు ఆ చోటును ఇంకా దగ్గరగా చూశారు. వింక్-4 ముందుభాగంలో గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం వచ్చి కూర్చునే చిన్న వరస ఒకటుంది. అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే స్టెరాయిడ్ హార్మోన్‌ను పట్టుకుని జన్యువుల మీదికి వెళ్ళే ప్రొటీన్ ఈ గ్రాహకం. అది చాలా జన్యువులను పలికిస్తుంది. కొన్ని ప్రత్యేకమైన వరసల మీద కూర్చున్నప్పుడు మాత్రం నోరు మూయిస్తుంది. వింక్-4 దగ్గరున్నది అలాంటి నోరు మూయించే వరస. మామూలుగా అది హిస్టోన్ల మీద బిగుసుకుని, గ్రాహకానికి అందకుండా ఉంటుంది. అసిటైల్ పడి ఆ చోటు తెరుచుకోగానే గ్రాహకం వచ్చి కూర్చుంది. జన్యువు మూగబోయింది.

తెరుచుకోవడం వల్లే మూతపడింది! ఈ పత్రంలో నన్ను కట్టిపడేసే చోటు ఇదే. పాఠ్యపుస్తక సూత్రం అబద్ధం కాలేదు. అసిటైల్ తన పని తాను చేసింది, చోటును తెరిచింది. తెరుచుకున్న చోటికి ఎవరు వస్తారన్నదే తేడా. ఇది తెలిశాక, ఏ పత్రికలోనైనా ‘ఫలానా గుర్తు పెరిగింది కాబట్టి జన్యువు ఉత్తేజితమైంది’ అన్న వాక్యం కనిపిస్తే నేను అక్కడే ఆగిపోతాను. గుర్తు పేరు చెబితే సరిపోదు, అది పడిన చిరునామా కూడా చెప్పాలి.

మరి ఒక ప్రొటీన్ ఒక డీఎన్‌ఏ ముక్క మీద కూర్చుందని కంటికి కనబడకుండా ఎలా తెలుస్తుంది? దానికి వాడే పద్ధతిని ప్రయోగశాలల్లో చిప్ అంటారు. పని ఓపికతో కూడినది. ముందు కణాలకి ఫార్మాల్డిహైడ్ కలుపుతారు. ఆ క్షణంలో డీఎన్‌ఏ మీద ఏ ప్రొటీన్ ఎక్కడుందో అక్కడే అతుక్కుపోతుంది. తర్వాత డీఎన్‌ఏని శబ్ద తరంగాలతోనో ఎంజైములతోనో కొన్ని వందల అక్షరాల పొడవున్న తునకలుగా తెంచుతారు. అప్పుడు తమకి కావలసిన ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీని వేస్తారు. అది ప్రొటీన్‌తో పాటు దానికి అతుక్కున్న డీఎన్‌ఏ తునకను కూడా లాక్కొస్తుంది. ఇక అతుకు విడగొట్టి, వచ్చిన తునక ఏ జన్యువుదో పీసీఆర్‌తో చదువుతారు. యాంటీబాడీ నాసిరకమైతే మొత్తం పని బూడిదే. తెంచడం ఎక్కువైనా తక్కువైనా చిరునామా తప్పుతుంది. చేతి నేర్పు ఉన్నవాళ్ళే చేయగల పని.

చివరి మెట్టు ప్రాణుల్లో. సింపథెటిక్ నాడులు అతిగా పనిచేసే, ఉప్పుకి బీపీ పెరిగే ఎలుకలకి ఉప్పు పెట్టారు. కిడ్నీలో వింక్-4 తగ్గింది, ఎన్‌సీసీ రెచ్చింది, బీపీ పెరిగింది. 1980లో రోగుల రక్తంలో నార్‌ఎపినెఫ్రిన్ చూసి వేసిన ప్రశ్నకి ఎలుకల కిడ్నీలో జవాబు దొరికినట్టయింది.

దొరికినట్టయింది అని ఊరికే అనలేదు. మెచ్చుకోవడమంటే కళ్ళు మూసుకోవడం కాదు కదా. ఈ గొలుసులో చివరి లింకు, అంటే వింక్-4 తగ్గితే ఎన్‌సీసీ పెరుగుతుందన్నది, అప్పటి జ్ఞానం మీద నిలబడింది. కప్ప గుడ్లలో చేసిన ప్రయోగాలు వింక్-4 ఎన్‌సీసీని అణుస్తుందనే చెప్పాయి. అయితే 2012లో మెక్సికో నగరం నుంచి ఒక పత్రం వచ్చింది. చేప మూత్రాశయం నుంచి ఎన్‌సీసీని తీసిన గాంబా బృందానిదే. వింక్-4 పూర్తిగా లేని ఎలుకల్లో ఎన్‌సీసీ పని పెరగలేదు, బాగా తగ్గింది. అంటే ఆ ప్రాణుల్లో వింక్-4 ఎన్‌సీసీని అణిచేది కాదు, లేపేది! తర్వాత ఇతర ప్రయోగశాలలూ అదే చూశాయి. మరి కప్ప గుడ్లు ఎందుకు తిరగబడి చెప్పాయి? 2015లో గాంబా బృందమే ఆ చిక్కు కూడా విప్పింది. కణంలో క్లోరైడ్ ఎక్కువుంటే వింక్-4 పనిచేయదు, తక్కువుంటే పనిచేస్తుంది. కప్ప గుడ్డులో క్లోరైడ్ ఎక్కువ.

ఇప్పుడు టోక్యో గొలుసు సంగతేమిటి? నాడి నుంచి వింక్-4 మూగబోవడం దాకా ఉన్న మెట్లను గాంబా ఫలితం తాకదు. ఎలుకల్లో ఉప్పు పెట్టాక ఎన్‌సీసీ రెచ్చడం, బీపీ పెరగడం కూడా కొలిచి చూసినవే. వింక్-4 తగ్గడమే ఎన్‌సీసీ రెచ్చడానికి కారణమన్న ఒక్క లింకు దగ్గర సందేహం నిలబడింది. అందుకే ఈ పత్రం మీద నా గౌరవం తగ్గలేదు, ఇంకా పెరిగింది. మెట్టు మెట్టుగా రాసిన పని కాబట్టే ఏ మెట్టు దగ్గర అనుమానించాలో తెలిసింది. ‘ఉప్పు వల్ల ఎపిజెనెటిక్ మార్పులు, వాటి వల్ల బీపీ’ అని గంపగుత్తగా రాసివుంటే దాన్ని తప్పు పట్టే వీలు కూడా ఎవరికీ ఉండేది కాదు.

దీని పక్కన పెట్టి చూడదగ్గ పని ఇంకొకటుంది, హ్యూస్టన్‌లో వెన్‌ఝెంగ్ ఝాంగ్, బ్రూస్ కోన్ చేసింది. నాళికలో ఇంకాస్త కిందికి వెళ్తే ఈనాక్ అనే మరో సోడియం మార్గం ఉంది. దాన్ని పెంచేది ఆల్డోస్టిరోన్ హార్మోన్. ఆ హార్మోన్ లేనప్పుడు డాట్1ఏ అనే ఎంజైము, ఏఎఫ్9 అనే తోడుతో కలిసి ఈనాక్ జన్యువు ముందుభాగంలో కూర్చుని, హిస్టోన్ హెచ్3లో 79వ లైసిన్ మీద మిథైల్ అనే మరో రకం రసాయన గుర్తులు వేస్తూ దాన్ని అణచి ఉంచుతుంది. ఆల్డోస్టిరోన్ రాగానే ఆ జంట విడిపోతుంది, గుర్తులు పలచబడతాయి, ఈనాక్ పలుకుతుంది. 2007లో వచ్చిన పత్రం ఇది. టోక్యో కథలో గుర్తు పెరిగితే జన్యువు మూగబోయింది, ఇక్కడ గుర్తు తగ్గితే పలికింది. రెండు దారులూ చేరేది ఒక్క చోటికే, ఉప్పు నిలవడానికి.

ఆల్డోస్టిరోన్ దారిలోనే ఇంకో కథ ఉంది. అతిమధురం వేరు ఎక్కువగా నమిలితే బీపీ పెరుగుతుందని వైద్యులు హెచ్చరిస్తారు. ఆల్డోస్టిరోన్ కూర్చోవలసిన గ్రాహకంలో కార్టిసాల్ అనే మరో హార్మోన్ కూర్చోకుండా ఒక ఎంజైము కాపాడుతుంటుంది. అతిమధురంలోని పదార్థం ఆ ఎంజైమునే అణుస్తుంది. ఇటలీలోని వెరోనాలో సిమోనెట్టా ఫ్రిసో బృందం 2008లో, బీపీ ఉన్నవాళ్ళ తెల్ల రక్తకణాల్లో ఈ ఎంజైము జన్యువు మీద మిథైల్ గుర్తులు ఎక్కువుంటే కార్టిసాల్ నిర్వీర్యం కావడం కూడా తక్కువగా ఉందని గమనించింది. వేరు నమలకుండానే గుర్తులు ఆ పని చేసిపెడుతున్నాయేమోనన్న అనుమానం ఇది. ఇక్కడ ‘ఏమో’ అన్న మాట వదలకూడదు. చూసింది రక్తకణాల్లో, పని జరిగేది కిడ్నీలో.

ఈ గుర్తులు తల్లి కడుపులోనే పడతాయా అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ మంత్రసానుల పాత పుస్తకాల్లోని పుట్టినప్పటి బరువులను డేవిడ్ బార్కర్ గుండె జబ్బు మరణాలతో కలిపి చూసింది 1989లో. తక్కువ బరువుతో పుట్టినవాళ్ళలో ఆ మరణాలు ఎక్కువ. దీనికి కణం లోపలి సాక్ష్యం లండన్‌లో ఏడ్రియన్ క్లార్క్ బృందం 2007లో చూపింది. గర్భంతో ఉన్న ఎలుకలకి మాంసకృత్తులు తగ్గించి పెట్టారు. పుట్టిన పిల్లల అడ్రినల్ గ్రంథిలో, బీపీని పెంచే యాంజియోటెన్సిన్ హార్మోన్ గ్రాహకాల్లో ఒకదాని జన్యువు మీద మిథైల్ గుర్తులు తగ్గాయి, ఆ గ్రాహకం ఎక్కువైంది, అదీ పుట్టిన మొదటి వారంలోనే. బీపీ పెరగడానికి చాలా ముందే గుర్తు మారిందన్నమాట. కాలక్రమాన్ని పట్టుకున్న ప్రయోగాలు ఈ రంగంలో తక్కువ కనుక దీనికి విలువ ఎక్కువ.

మన దగ్గర ఇలాంటి ప్రశ్నకి దగ్గరగా వెళ్ళిన పని హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళలో జరిగింది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ అందులో కొన్ని ఊళ్ళలో గర్భిణులకీ చిన్నపిల్లలకీ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టించింది. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళయ్యాక సంజయ్ కిన్రా బృందం 1,165 మందిని పరీక్షించింది. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగారు, ధమనుల బిరుసుదనం తక్కువగా ఉంది. బీపీలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. వాళ్ళు చూసింది ఎపిజెనెటిక్ గుర్తులను కాదు, నిజమే. కానీ ఎలుకల్లో కనిపించినదంతా మనుషుల్లో అంతే తేటగా కనిపిస్తుందని అనుకునేవాళ్ళు ఈ ఫలితాన్ని కూడా చదవాలి.

మనుషుల్లో ఇప్పటిదాకా జరిగిన పెద్ద వెతుకులాటల్లో ఒకటి 2017లో వచ్చింది. 17,010 మంది రక్తంలో డీఎన్‌ఏ మిథైల్ గుర్తులను చూశారు. బీపీతో సంబంధముందని రెండోసారి కూడా తేలినవి 13 చోట్లు. అవన్నీ కలిపినా, మనిషికీ మనిషికీ మధ్య ఉన్న బీపీ తేడాలో నూటికి ఒకటిన్నర, రెండు పాళ్ళకి మించి వివరించలేవు. అంతకంటే ఆలోచింపజేసేది ఇంకొకటుంది. జన్యు గణాంకాలతో ఏది కారణమో ఏది ఫలితమో తేల్చబోతే, గుర్తు వల్ల బీపీ మారిన దాఖలా ఒక చోట, బీపీ వల్లే గుర్తు మారిన దాఖలా మూడు చోట్ల కనిపించింది. బీపీ ఉన్నవాళ్ళ రక్తంలో గుర్తు దొరకగానే దోషి దొరికాడని సంబరపడేవాళ్ళకి ఈ లెక్క చాలు.

మందుల సంగతికొస్తే వింతలే ఎక్కువ. హైడ్రలజీన్ అనే పాతకాలపు బీపీ మందు డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు పడకుండా అడ్డుకుంటుందని 1988లో బయటపడింది. దాన్ని ఎక్కువకాలం వాడిన కొందరికి లూపస్ లాంటి జబ్బు రావడానికి కారణం వెతుకుతూ కనుక్కున్నారు. బీపీ తగ్గడం మాత్రం రక్తనాళాల కండరం సడలడం వల్లేనని వైద్యులు చెబుతారు. హెచ్‌డ్యాక్ ఎంజైములను అణిచే వాల్‌ప్రోయిక్ ఆమ్లం వంశపారంపర్యంగా బీపీ వచ్చే ఎలుకల్లో బీపీ తగ్గించిందని 2010లో ఒక పత్రం వచ్చింది. టోక్యో ఎలుకల్లో హెచ్‌డ్యాక్-8 అణగడం బీపీ పెరిగే దారిలో ఒక మెట్టు. ఒకే కుటుంబం ఎంజైములు, రెండు చోట్ల, రెండు ఎదురెదురు ఫలితాలు. ఒంట్లోని హిస్టోన్లన్నిటి మీదా ఒకేసారి పనిచేసే మందుతో ఒక్క వింక్-4 చిరునామాను సరిచేయలేం. అందుకే ‘ఎపిజెనెటిక్ చికిత్సతో బీపీ మాయం’ అనే ప్రకటనలను నమ్మకండి. బీపీకి అలాంటి మందేదీ ఇప్పటికి వైద్యుల వాడుకలో లేదు, గుర్తులు చూసి బీపీ తేల్చే రక్తపరీక్ష కూడా లేదు. బీపీ తెలియాలంటే చేతికి పట్టీ కట్టి కొలవాల్సిందే. ఉప్పు విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకి 5 గ్రాముల లోపు. మీ చీటీలో క్లోర్‌థాలిడోన్ అని గానీ హైడ్రోక్లోరోథయాజైడ్ అని గానీ రాసివుంటే, ఆ బిళ్ల వెళ్ళి పట్టుకునేది ఈ వ్యాసంలో చెప్పిన ఎన్‌సీసీనే. డాక్టరును అడగకుండా దాన్ని మానేయకండి.